29 ఏళ్లు ఆగి పౌరుడై... కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన దలీప్ సింగ్ సౌంద్

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ తేదీ దగ్గరపడిన ఇల్లు ఎలా ఉంటుందో అమెరికాలోని మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు మీద ప్రశ్నల కాగితం. కారులో పాటలకు బదులు ప్రశ్న, జవాబు ఆడియో. సెనేటర్లు ఎంతమంది, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎవరు, అంతర్యుద్ధానికి కారణాలేమిటి అని పిల్లలు అడుగుతుంటే తల్లిదండ్రులు అప్పజెప్పడం. నిన్నమొన్నటి దాకా 100 ప్రశ్నలు చదువుకుని వెళ్తే పది అడిగేవారు, ఆరు చెబితే చాలు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసుకున్నవారికి 128 ప్రశ్నలు, 20 అడుగుతారు, 12 చెప్పాలి.

ఈ పరీక్షలో నెగ్గే వలసదారులు నూటికి 90 మందికి పైనే. 2018లో వుడ్రో విల్సన్ ఫౌండేషన్ ఇవే ప్రశ్నలతో అమెరికన్లను పరీక్షిస్తే గట్టెక్కినవాళ్లు నూటికి 36 మంది. 45 ఏళ్లలోపు వాళ్లలో అయితే 19 మందే. ఈ అంకెలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినప్పుడల్లా మనవాళ్లకు కాస్త గర్వంగానే ఉంటుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. మనం పుస్తకం ముందేసుకుని చదివి వెళ్తాం, వాళ్లను ఉన్నపళంగా అడిగారు. పైగా మనలో ఎంతమందికి ఆ పరీక్ష అయిన ఏడాది తర్వాత తమ కాంగ్రెస్ సభ్యుడి పేరు గుర్తుంటుంది? అది కూడా ఆ ప్రశ్నల్లో ఒకటే.

ఒక దేశాన్ని తెలుసుకోవడమంటే ఏమిటో, పుట్టినవాడికి తెలియనిది వచ్చినవాడికి ఎలా తెలుస్తుందో చూడాలంటే దలీప్ సింగ్ సౌంద్ జీవితం చూడాలి. ఆయనకు ఈ దేశ పౌరసత్వం రావడానికి 29 ఏళ్లు పట్టింది. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్లతరబడి నిలబడి ఉన్నవాళ్లకు ఆ అంకె బాగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఆయన కాలంలో క్యూ కూడా లేదు. తలుపే మూసేసి ఉంది.

సౌంద్ 1899 సెప్టెంబర్ 20న పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లా, ఛజ్జల్‌వాడీ గ్రామంలో పుట్టారు. తల్లిదండ్రులకు చదువు రాదు. కానీ ఇంట్లో చదువంటే ఎంత గౌరవమంటే, తండ్రి, బాబాయిలు కలిసి ఊళ్లో ఒక బడి పెట్టించారు. ప్రభుత్వానికి కాల్వ పనులు చేసే కాంట్రాక్టర్ల కుటుంబం అది. ఈ కాల్వల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. తండ్రి చిన్నప్పుడే పోయారు. జమ్మూలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కాలేజీలో చదివి, 1919లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ జిల్లా కేంద్రంలోనే జలియన్‌వాలా బాగ్. ఆ కుర్రాడు గాంధీ మాటలతో పాటు పత్రికల్లో వచ్చే అమెరికా అధ్యక్షుడు విల్సన్ ప్రసంగాలు చదివేవాడు. అక్కడి నుంచి లింకన్ దగ్గరికి వెళ్లాడు. అంటే అమెరికా నేల మీద కాలు పెట్టకముందే ఆ దేశం గురించి ఒక పాఠం చదువుకున్నాడు. అది పుస్తకాల అమెరికా. అసలు అమెరికా ఎలా ఉంటుందో తర్వాత తెలిసింది.

పళ్లు, కూరగాయలు డబ్బాల్లో నిల్వచేసే పద్ధతులు నేర్చుకుని, కొన్నేళ్లలో తిరిగొచ్చి పంజాబ్‌లో ఫ్యాక్టరీ పెడతానని ఇంట్లో ఒప్పించి బయల్దేరారు. రెండేళ్లు ఎం.ఎస్., మూడేళ్లు ఉద్యోగం, తర్వాత ఇండియాకి వచ్చేస్తాం అని మనవాళ్లు ఇళ్లలో చెప్పే మాటకు ఇది తాతముత్తాత. ఇంగ్లండ్ మీదుగా 1920 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో దిగారు. అక్కణ్నుంచి రైల్లో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు, కాలిఫోర్నియాలోని బర్క్లీకి.

కాలిఫోర్నియాకు వచ్చిన భారతీయ విద్యార్థుల్లో ఆయన మొదటివాడేమీ కాదు. అంతకు కొన్నేళ్ల ముందే మన దరిశి చెంచయ్య గారు అక్కడ చదువుకుని, గదర్ పార్టీలో చేరి, ఆ తర్వాత జైలు కూడా చూశారు. ఆయన ఆత్మకథ పేరు నేనూ నా దేశం. చెంచయ్య గారికి ఆ దేశం ఏదన్న విషయంలో సందేహం లేదు. సౌంద్‌కు మాత్రం ఆ పేరులోని రెండో సగం జీవితాంతం రెండు దేశాల మధ్య పంచుకోవాల్సి వచ్చింది.

బర్క్లీలో సిక్కు గురుద్వారా వాళ్లు విద్యార్థుల కోసం నడిపిన వసతి గృహంలో ఉన్నారు. సెలవుల్లో క్యానింగ్ ఫ్యాక్టరీల్లో కూలి పని. మొదట చేరింది వ్యవసాయ విభాగంలోనే అయినా మనసు లెక్కల మీదికి పోయింది. 1922లో గణితంలో ఎం.ఏ., 1924లో పీహెచ్‌డీ. ఈలోగా హిందుస్థాన్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాకు అధ్యక్షుడై భారత స్వాతంత్ర్యం గురించి ఎక్కడ వేదిక దొరికితే అక్కడ మాట్లాడారు.

డాక్టరేట్ వచ్చేసరికి దేశం ఆయనకు ఇంకో ముఖం చూపించింది. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. అప్పటి చట్టం ప్రకారం తెల్లవారికీ, ఆఫ్రికా మూలాల వారికీ మాత్రమే పౌరసత్వం ఇస్తారు. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. శాస్త్రవేత్తల లెక్కలో ఉత్తర భారతీయులు కకేషియన్లే కదా అని వాదించాడు. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్య జనం దృష్టిలో వీళ్లు తెల్లవాళ్లు కారని కోర్టు తేల్చింది. అంతకుముందు పౌరసత్వం పొందినవాళ్ల దగ్గర్నుంచి కూడా దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. అలా పౌరసత్వం కోల్పోయిన వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నాడు.

పౌరసత్వానికి అర్హత లేనివారికి కాలిఫోర్నియాలో సొంత భూమి ఉండకూడదు. 1913లో వచ్చిన చట్టం అది, 1920లో ఇంకా బిగించారు, కౌలుకు తీసుకోవడం కూడా కష్టమైంది. చదువుకు తగిన ఉద్యోగం ఆ రోజుల్లో భారతీయుడికి ఎవరిస్తారు? బర్క్లీ గణిత డాక్టరేట్ చేతిలో పెట్టుకుని 1925లో సౌంద్ దక్షిణ కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీకి వెళ్లి పత్తి ఏరే కూలీలకు మేస్త్రీగా చేరారు.

ఆ ప్రాంతం గురించి కొంచెం చెప్పుకోవాలి. మెక్సికో సరిహద్దు పక్కన, చాలాభాగం సముద్రమట్టానికి కింద ఉండే ఎడారి అది. ఎండాకాలంలో రెంటచింతల, రామగుండం వాళ్లు కూడా అమ్మో అనే ఎండ. వాన దాదాపు ఉండదు. మరి పంటలెలా పండుతాయంటే, కొలరాడో నది నీళ్లు కాల్వల్లో తెచ్చి. 1905లో ఆ నది కాల్వ గట్టు తెంచుకుని లోయలోకి పారింది. రెండేళ్లు ఆపలేకపోయారు. అలా ఏర్పడిందే ఇప్పటి సాల్టన్ సీ. కృష్ణా గోదావరి కాల్వల కింద పుట్టిపెరిగినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. నీళ్లొస్తే వరం, గట్టు తెగితే ఊరు మునక. కాల్వ కాంట్రాక్టర్ల ఇంట్లో పుట్టిన సౌంద్‌కు కూడా కొత్త కాదు. న్యూయార్క్, చికాగోల్లో పుట్టి పెరిగిన అమెరికన్‌కు తన పళ్లెంలోకి వచ్చే లెట్యూస్ ఆకు వెనక ఇంత నీటి రాజకీయం ఉందని తెలిసే అవకాశం తక్కువ. ఈయనకు అదే రోజూ బతుకు.

మేస్త్రీ పని తర్వాత లెట్యూస్, అల్ఫాల్ఫా గడ్డి, షుగర్ బీట్ సాగుచేశారు. కాగితం మీద భూమి తన పేరున ఉండటానికి వీల్లేదు. ఆ లోయలోని పంజాబీ రైతులు తెలిసిన అమెరికన్ల పేరు మీదో, ఇక్కడ పుట్టిన తమ పిల్లల పేరు మీదో కౌలు రాయించుకుని నెట్టుకొచ్చేవారు. ఒకరి పేరు మీద కాగితం, ఇంకొకరి చేతిలో నాగలి. ఆ పేరున్నాయన మాట తప్పితే కోర్టుకు వెళ్లే దిక్కు కూడా లేదు. అందుకే ఎవరి మాట నమ్మొచ్చు, బ్యాంకు మేనేజర్ ఎలాంటివాడు, ఏ చట్టంలో ఏ సందు ఉంది అన్నది వాళ్లకు బతుకుతెరువు విద్య. స్థానికులకు ఆ చట్టం ఒకటుందని కూడా తెలిసి ఉండదు. తగలనివాడికి గోడ కనిపించదు కదా.

ధరలు పడిపోయాయి. 1930ల మాంద్యంలో అప్పులపాలయ్యారు. దివాలా పిటిషన్ వేయమని చుట్టుపక్కలవాళ్లు సలహా ఇచ్చారు. ఆయన వేయలేదు, ఏళ్లు పట్టినా అప్పు తీర్చారు. ఈ సంగతి ఆ లోయలో అందరికీ తెలుసు. తర్వాత రోజుల్లో ఓట్లు పడటానికి ఆయన ఉపన్యాసాల కంటే ఇదే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

1928లో మేరియన్ కోసాను పెళ్లి చేసుకున్నారు. చెక్ ప్రాంతం నుంచి వలస వచ్చిన చిత్రకారుడి కూతురు ఆమె. పౌరసత్వానికి అర్హతలేని విదేశీయుణ్ని చేసుకున్న అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కూడా పోగొట్టుకునే రోజులవి. ఆ నిబంధన 1931లో గానీ పోలేదు. వీళ్లకు ముగ్గురు పిల్లలు. వాళ్లు పుట్టుకతోనే పౌరులు. పిల్లలకున్న హక్కు తండ్రికి లేని ఇల్లు. వీసాల మీద ఉన్న మన ఇళ్లలో ఎన్నింటిలో ఇప్పటికీ ఇదే పరిస్థితి!

ఈ మధ్యలోనే ఒక పుస్తకం రాశారు. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మదర్ ఇండియా అని భారతీయ సమాజాన్ని దుమ్మెత్తిపోస్తూ రాసిన పుస్తకం అక్కడ విపరీతంగా అమ్ముడైంది. కొద్ది నెలలు తిరిగి చూసి ఒక దేశాన్ని తెలుసుకున్నానని అనుకోవడం ఎలా ఉంటుందో ఆ పుస్తకం చెబుతుంది. దానికి జవాబుగా, స్టాక్టన్ గురుద్వారా ప్రోత్సాహంతో సౌంద్ మై మదర్ ఇండియా రాసి 1930లో అచ్చు వేయించారు. పొలంలో అప్పు, ఇంట్లో చంటిపిల్లలు, చేతిలో కలం.

ఆ పుస్తకం కంటే నాకు ఎక్కువ ఆశ్చర్యంగా అనిపించేది ఆయన టోస్ట్‌మాస్టర్స్ సభ్యత్వం. దగ్గర్లోని బ్రాలీ పట్టణంలో ఆ క్లబ్బులో చేరి, పక్కన కూర్చున్న రైతులతో, దుకాణదారులతో సమానంగా మాట్లాడటం సాధన చేశారు. రూజ్వెల్ట్ పథకాలు చూసి, రైతుకూ పేదవాడికీ పనికొచ్చేది ఇదేననుకుని డెమోక్రటిక్ పార్టీ వైపు మొగ్గారు. ఎన్నికలొస్తే అభ్యర్థుల గురించి, ఓటింగ్‌కు పెట్టిన చట్టాల గురించి వాదించేవారు. ఓటు లేదు. వచ్చే ఆశ కూడా కనుచూపు మేరలో లేదు. అయినా ఓటున్నవాడి కంటే ఎక్కువ చదివేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి మనల్ని మనం చూసుకోవచ్చు. మనకింకా సిటిజన్‌షిప్ రాలేదు కదా, ఈ స్కూల్ బోర్డు గొడవలు, సిటీ కౌన్సిల్ మీటింగులు మనకెందుకు అనే మాట ఎన్ని పార్టీల్లో విని ఉంటాం? కాగితం వచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్లం, కాగితం వచ్చాక కూడా పెద్దగా చూడం.

1942లో ఇండియా అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఏర్పాటైతే సౌంద్ దానికి తొలి అధ్యక్షుడయ్యారు. లక్ష్యం ఒక్కటే, భారతీయులకు పౌరసత్వ హక్కు. తూర్పు తీరంలో జె.జె.సింగ్ లాంటివాళ్లు వాషింగ్టన్‌లో పట్టు వదలకుండా తిరిగారు. పార్లమెంటరీ లాబీయింగ్ అంటే ఏమిటో తెలియని పంజాబీ రైతుల నుంచి సౌంద్ లాంటివాళ్లు చందాలు, మద్దతు కూడగట్టారు. రిపబ్లికన్ క్లేర్ బూత్ లూస్, డెమోక్రాట్ ఇమాన్యుయెల్ సెల్లర్ కలిసి తెచ్చిన బిల్లు నెగ్గి, 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. భారతదేశం నుంచి ఏడాదికి 100 మందిని రానిస్తారు, ఉన్నవాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వందంటే వందే. సౌంద్ 1949 డిసెంబర్ 16న ప్రమాణం చేసి అమెరికా పౌరుడయ్యారు. అప్పటికి వయసు 50.

మనలాంటివాళ్లమైతే కేకు కోసి ఫోటో దిగి ఊరుకుంటాం. ఆయన ఏడాది తిరక్కముందే ఎన్నికల్లో నిలబడ్డారు. 1950 నవంబర్‌లో వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊరికి జస్టిస్ ఆఫ్ ద పీస్ పదవి, అంటే స్థానిక న్యాయాధికారి. గెలిచారు కూడా. కానీ ఎన్నిక నాటికి పౌరసత్వం వచ్చి సంవత్సరం నిండలేదని కోర్టు ఆ పదవిని దక్కనివ్వలేదు. తక్కువైంది నెల పైచిలుకు.

1952లో మళ్లీ పోటీ. ఊళ్లో ఒకాయన నలుగురిలో ఎగతాళిగా అడిగాడట, నువ్వు జడ్జీవైతే కోర్టుకొచ్చేవాళ్లకు తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా అని. తల మీద ఏముందో తనకు పట్టదని, తలలో ఏముందన్నదే తనకు కావాలని సౌంద్ నవ్వుతూ జవాబిచ్చి అందరినీ నవ్వించారు. ఎదుటివాడి హాస్యం పట్టుకుని వాడికే తిప్పికొట్టడం కంటే ఒక సమాజాన్ని తెలుసుకున్నట్టు వేరే రుజువు ఏముంటుంది? ఏ పరీక్షలోనూ ఆ ప్రశ్న ఉండదు. ఈసారి గెలిచి కుర్చీలో కూర్చున్నారు. జూదం, వ్యభిచార గృహాలకు పేరుపడ్డ ఊరది. ఇక్కడింతేలే అని తరాలుగా సర్దుకుపోయినవాళ్ల మధ్య, బయటినుంచి వచ్చిన జడ్జి సర్దుకుపోలేదు. శిక్షలు గట్టిగా వేసి ఆ వ్యాపారాలు చాలావరకు మూతపడేలా చేశారు.

ఆ తర్వాత కౌంటీ డెమోక్రటిక్ కమిటీ ఛైర్మన్. 1956లో నేరుగా అమెరికా కాంగ్రెస్‌కు పోటీ. నియోజకవర్గం కాలిఫోర్నియా 29, రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలు. అప్పటికి అది రిపబ్లికన్ల చేతిలోని సీటు. సొంత పార్టీ ప్రైమరీలో ఆయనపై నిలబడిన కార్ల్ కెగ్లీ వృత్తిరీత్యా లాయరు. సౌంద్‌కు పౌరసత్వం వచ్చి ఏడేళ్లు నిండలేదు, పేరు తీసేయండి అని కోర్టుకెక్కాడు.

ఈ పేచీ సరదాగా ఉంటుంది, కొంచెం వివరంగా చూద్దాం. రాజ్యాంగం మొదటి అధికరణం ప్రకారం ప్రతినిధుల సభ సభ్యుడికి 25 ఏళ్లుండాలి, ఏడేళ్లుగా పౌరుడై ఉండాలి, ఎన్నికైనప్పుడు ఆ రాష్ట్రంలో నివసిస్తూ ఉండాలి. ఎన్నికైనప్పుడు అన్న మాట నివాసానికే ఉంది, పౌరసత్వానికి లేదు. సౌంద్‌కు ఏడేళ్లు నిండేది 1956 డిసెంబర్ 16న. ఎన్నిక నవంబర్‌లో. కానీ కొత్త కాంగ్రెస్ ప్రమాణం చేసేది జనవరి 3న. సభలో అడుగుపెట్టేనాటికి ఏడేళ్లు నిండితే చాలన్నది ఎప్పట్నుంచో ఉన్న ఆచారం. కోర్టు కేసు కొట్టేసింది. ఆరేళ్ల క్రితం నెల రోజుల తేడాతో పదవి పోగొట్టుకున్న మనిషికి, మళ్లీ అదే నెల రోజుల తేడా ఎదురైతే ఈసారి రాజ్యాంగంలోని మాట కాపాడింది. తేదీలు లెక్కపెట్టుకుని బతికినవాడికి తేదీల విలువ తెలుస్తుంది. హెచ్-1బి ఆరేళ్లు, ప్రయారిటీ డేట్, ఐ-94 గడువు... మనవాళ్లకు ఇమిగ్రేషన్ చట్టం ఎందుకు కంఠతా వచ్చో, పక్కింటి అమెరికన్‌కు ఆ మాటలే ఎందుకు తెలియవో ఇంకా వేరే చెప్పాలా?

ప్రైమరీ గెలిచాక అసలు పోటీ. ఎదురుగా రిపబ్లికన్ అభ్యర్థి జాక్వెలిన్ కాక్రన్. ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన తొలి మహిళ, దేశమంతా తెలిసిన పేరు. భర్త ఫ్లాయిడ్ ఓడ్లం పెద్ద సంపన్నుడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వాళ్లకు మిత్రుడు. ఆమెను తక్కువ చేసి చెప్పకూడదు, ఫ్లోరిడాలో కడుపేద ఇంట్లో పుట్టి పైకొచ్చిన మనిషి. ఆమె సొంత విమానంలో తిరుగుతూ ప్రచారం చేస్తే, ఈయన కారులో. భార్య, పిల్లలు, వాళ్ల స్నేహితులు ఇంటింటికీ వెళ్లి ఓటర్లను నమోదు చేయించారు. ఊరూరా భోజనాలు, మాటామంతీ. ఆయన పుట్టుక మీద మాటలు రాకపోలేదు. కానీ లెట్యూస్ పెట్టె ఎంతకు అమ్ముడవుతోంది, ఎరువుకు ఎంతవుతోంది, కాల్వలో నీటి వాటా ఎంత అన్నది ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసో రైతులకు తెలుసు. అదే రోజు అధ్యక్ష ఎన్నికలో ఐసెన్‌హోవర్ దేశమంతా ఊడ్చేశారు. ఆ గాలిలో కూడా సౌంద్ సుమారు 3,300 ఓట్లతో నెగ్గారు.

1957 జనవరి 3న ప్రమాణం. కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారతీయుడు, తొలి సిక్కు, ఓటు హక్కున్న సభ్యుడిగా తొలి ఆసియా అమెరికన్. కొత్తవాళ్లకు సులువుగా దొరకని విదేశీ వ్యవహారాల కమిటీలో చోటు దొరికింది. విదేశీ సాయం ఆయా దేశాల సైన్యాలకు కాకుండా జనానికి చేరాలని వాదించారు. ఆ ఏడాది వచ్చిన పౌరహక్కుల చట్టాన్ని సమర్థించారు. దక్షిణాదిలో నల్లవారిని ఓటు వేయనీయని పద్ధతుల గురించి సభలో మాట్లాడినవాళ్లలో, ఓటు లేకుండా బతకడమంటే ఏమిటో ఒంటికి తెలిసినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు!

అయితే ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. పొలాలకు మెక్సికో నుంచి తాత్కాలిక కూలీలను రప్పించే బ్రసేరో పథకాన్ని ఆయన తన నియోజకవర్గ రైతుల పక్షాన సమర్థించారు. ఆ కూలీల బతుకులు ఏమంత బాగుండేవి కావు. ఒకప్పుడు పత్తి చేలో మేస్త్రీగా నిలబడిన మనిషి అక్కడ రైతు కళ్లతోనే చూశారు. వలస వచ్చినవాడికి అన్నీ కనిపిస్తాయనేం లేదు, తాను కుదురుకున్నాక తన వెనక వచ్చినవాడు కనిపించకపోవడం మనమూ ఎరుగుదుం.

1957 చివర్లో కమిటీ తరఫున ఆసియా పర్యటనకు వెళ్లారు. జపాన్ నుంచి మొదలుపెట్టి ఆగ్నేయాసియా మీదుగా భారతదేశం. 37 ఏళ్ల తర్వాత సొంత ఊరు. బయల్దేరినప్పుడు తెల్లదొరల పాలన, తిరిగొచ్చేసరికి స్వతంత్ర దేశం. పంజాబ్ రెండు ముక్కలైంది. మేయోకు జవాబు రాసిన మనిషికి తాను వదిలొచ్చిన ఇండియా తెలుసు, ఎదురుగా ఉన్న ఇండియాను మాత్రం అతిథిలా చూడాల్సి వచ్చింది. పదేళ్లకు ఊరెళ్లి, బస్టాండు ఎక్కడికి మార్చారో తెలియక ఆటో అతన్ని అడిగే మన పరిస్థితి ఇదే. భారత పార్లమెంటు సభ్యులనుద్దేశించి ప్రసంగించారు. వెళ్లిన ప్రతిచోటా ఎదురైన ప్రశ్న లిటిల్ రాక్ గురించి. ఆ సెప్టెంబర్‌లోనే ఆర్కాన్సాలో నల్లజాతి పిల్లల్ని తెల్లవాళ్ల బడిలోకి రానివ్వకుండా అడ్డుకుంటే సైన్యాన్ని దించాల్సి వచ్చింది. అమెరికాలో వర్ణవివక్ష లేదని ఆయన బుకాయించలేదు. ఉంది, దాంతో పోరాడేవాళ్లూ ఉన్నారు అన్నది ఆయన జవాబు. తాను గెలవడాన్నే అందుకు సాక్ష్యంగా చూపించారు. థింద్ తీర్పు కింద 20 ఏళ్లకు పైగా నలిగిన మనిషి కాబట్టి ఆ మాటకు బరువుండేది.

1958లో, 1960లో మళ్లీ గెలిచారు. 1960లో కాంగ్రెస్‌మన్ ఫ్రమ్ ఇండియా పేరుతో ఆత్మకథ వచ్చింది. 1962 మేలో వాషింగ్టన్ వెళ్తూ విమానంలోనే పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. బ్రాలీ క్లబ్బులో సాధన చేసి, ఊరూరా తిరిగి మెప్పించిన మాట అది. ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఆ నవంబర్ ఎన్నికలో ఆయన పేరు బ్యాలెట్ మీద ఉంది, ఓడిపోయారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా బతికి, 1973 ఏప్రిల్ 22న కన్నుమూశారు.

1965లో వలస చట్టం మారి, మన డాక్టర్లు, ఇంజినీర్లు విమానాలు ఎక్కేనాటికి ఆయన మంచంలో ఉన్నారు. ఆయన తర్వాత ఇంకో భారతీయ మూలాల వ్యక్తి అమెరికా ప్రతినిధుల సభలో అడుగుపెట్టడానికి 2005 జనవరి దాకా, అంటే బాబీ జిందాల్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ 2005లోనే కాలిఫోర్నియాలోని టెమెక్యులా పట్టణంలో ఒక పోస్టాఫీసుకు దలీప్ సింగ్ సౌంద్ పేరు పెట్టారు. శాన్ డియాగో, లాస్ ఏంజిలిస్ వైపున్న మన తెలుగు కుటుంబాలకు అది వారాంతపు డ్రైవ్ దూరమే.